తోటలో వాటా కొంటే సంచిలో ఏమొస్తుంది?

ప్రశ్న: చేవెళ్ల దగ్గర ఒక చిన్న తోటవాళ్లు ఆరు నెలల డబ్బు ముందే కడితే వారం వారం కూరగాయలు ఇస్తామంటున్నారు. ఇంట్లో నలుగురం. కట్టవచ్చా? ముందు ఏమేం అడగాలి?
- ఒక గృహిణి, కూకట్‌పల్లి

జవాబు: దీన్ని పాలప్యాకెట్ లాంటి చందా అనుకుని కడితే మొదటి నెలలోనే పేచీ వస్తుంది. మీరు కొనేది పంటలో వాటా. విత్తనానికీ కూలికీ కావలసిన పెట్టుబడి మీరు ముందే ఇస్తారు, పండినదాంట్లో మీ భాగం మీకు వస్తుంది. కాపు విరగకాస్తే సంచి బరువెక్కుతుంది, వడగళ్లు పడితే తేలికవుతుంది. జపాన్‌లో 1970లలో ‘తెయికెయి’ పేరుతో నడిచిందీ, 1986లో అమెరికాలో మసాచుసెట్స్, న్యూహాంప్‌షైర్ రాష్ట్రాల్లో రెండు తోటలు మొదలుపెట్టిందీ ఈ పద్ధతే.

అందుకే ధరకన్నా ముందు పంటల పట్టిక అడగండి. ఏ నెలలో ఏవి వస్తాయో కాగితం మీద రాసివ్వలేని తోటకి ఆరు నెలల డబ్బు ఇవ్వకండి. పట్టిక చూడటం కూడా తెలియాలి. మన ఎండలకి ఏప్రిల్, మే నెలల్లో ఆరుబయట కాలీఫ్లవర్ గడ్డ కట్టదు, టమాటా పూత రాలిపోతుంది. ఆ రోజుల్లో సంచి నిండా ఇవే కనిపిస్తే అవి మార్కెట్ నుంచి వచ్చిన సరుకై ఉండే అవకాశమే ఎక్కువ. వేసవి తోటలో నిజంగా నిలబడేవి గోంగూర, బెండ, గోరుచిక్కుడు, దొండ, దోస. వానలు ముదిరాక కొత్తిమీర, మెంతికూర కుళ్లుతాయి. బచ్చలి, తోటకూర తట్టుకుంటాయి. పక్క తోట నుంచి తెచ్చి ఇవ్వడం తప్పేమీ కాదు, చెప్పకుండా ఇవ్వడమే తప్పు.

నలుగురికి పూటకో కూర లెక్కన వారానికి ఐదారు కిలోలు చాలు, అందులో ఆకుకూర నాలుగైదు కట్టలకు మించకూడదు. ఊరెళ్లిన వారం వాటా ఏమవుతుంది? పంట పూర్తిగా పోతే డబ్బు తిరిగిస్తారా, తర్వాతి పంటలో కలుపుతారా? సంచి ఇంటికొస్తుందా, మీరే వెళ్లి తెచ్చుకోవాలా, ఎన్ని గంటలకి? ఈ మూడూ రాతలో ఉండాలి. వీలైతే మొదట నాలుగు వారాలకే కట్టి చూడండి.

సేంద్రియం అంటే మాట మీద నమ్మక్కర్లేదు. పీజీఎస్ ఇండియా ధ్రువపత్రం (రైతులే బృందంగా ఒకరి పొలం ఒకరు తనిఖీ చేసుకునే ప్రభుత్వ పద్ధతి) చూపమనండి. ‘గ్రీన్’ అని ఉంటే భూమి ఇంకా రసాయనాల నుంచి సేంద్రియానికి మారే దశలో ఉందని, ‘ఆర్గానిక్’ అని ఉంటే ఆ దశ దాటిందని. పత్రం లేని మంచి రైతులూ ఉన్నారు. అలాంటప్పుడు తోటకి వెళ్లి జీవామృతం అనే ద్రవ ఎరువు డ్రమ్ము చూడండి. రెండొందల లీటర్ల నీళ్లు, పది కిలోల పేడ, ఐదు నుంచి పది లీటర్ల గోమూత్రం, రెండేసి కిలోల బెల్లం, పప్పుల పిండి, గుప్పెడు గట్టుమట్టి అని తడుముకోకుండా చెప్పేవారు దాన్ని వాడుతున్నట్టే. ఆకుకి చిల్లులున్నాయి కాబట్టి మందు కొట్టలేదనుకోవడం మాత్రం భ్రమ. పురుగు తినేశాక కూడా మందు కొడతారు.

ప్రశ్న: శనివారం వచ్చిన సంచి మంగళవారానికి సగం కుళ్లుతోంది. తాజా కూరలు ఎక్కువ రోజులుండాలి కదా?
- ఉద్యోగి, మియాపూర్

జవాబు: కూర తాజాదే, తడే దాన్ని చంపుతోంది. ఆకుకూర రాగానే రబ్బరు బ్యాండు తీసి, కడగకుండా, ఫ్యాను కింద పాత నూలుబట్ట మీద అరగంట పరవండి. పైతడి ఆరాక అదే బట్టలో వదులుగా చుట్టి ఫ్రిజ్ అడుగు డబ్బాలో పెట్టండి. వండే ముందే కడగాలి. ముల్లంగి, క్యారెట్, బీట్‌రూట్‌ల ఆకు వెంటనే కోసెయ్యండి, లేదంటే ఆకు దుంపలోని నీటిని లాగేసి దుంప మెత్తబడుతుంది. ముల్లంగి ఆకు పారెయ్యకండి, పెసరపప్పులో బాగుంటుంది.

టమాటా, వంకాయ, దోసకాయలకి పది డిగ్రీల కంటే తక్కువ చలి పడదు. వంకాయ మీద గుంటలు పడి లోపల నల్లబడుతుంది, టమాటా రుచి పోతుంది. ఇవి బయటే గాలి తగిలేచోట ఉండాలి.

వండే వరస కూడా ముఖ్యమే. మొదటి రెండు రోజులు మెంతి, తోటకూర, కొత్తిమీర. ఆ తర్వాత బెండ, బీర, చిక్కుడు. వారం చివరికి సొర, గుమ్మడి, కంద. గోంగూర మిగిలిందంటే నీడన ఆరబెట్టి, ఉప్పు వేసి నూనెలో మగ్గించి సీసాలో పెట్టుకోండి. తడి మిగిలితే బూజు ఖాయం.

ప్రశ్న: న్యూజెర్సీలో ఉంటాం. ఇక్కడి తోటల్లో చేరాలని ఉంది, కానీ కేల్, చార్డ్ లాంటి ఆకుకూరలు మావాళ్లు తినరు. ఫుల్ షేరా, హాఫ్ షేరా?
- ఒక పాఠకురాలు, ఎడిసన్

జవాబు: మొదటి ఏడాది హాఫ్ షేరే, అదీ ఇంకో తెలుగు ఇంటితో పంచుకుంటే ఇంకా మంచిది. అక్కడ పంట జూన్‌లో మొదలై అక్టోబరు, నవంబరు దాకా ఇరవై వారాలకు పైగా నడుస్తుంది, చేరిక మాత్రం చలికాలంలోనే. మే నెలలో అడిగితే చాలాచోట్ల ఖాళీ ఉండదు.

జూన్ సంచులు ఆకులతోనే నిండుతాయి, చాలామంది అక్కడే విసిగి మానేస్తారు. ఆగస్టు దాకా ఓపిక పట్టండి, టమాటా, వంకాయ, మిరప అప్పుడొస్తాయి. ఈలోగా చార్డ్‌ని పాలకూరలా పప్పులో వెయ్యండి, కాడలు సన్నగా తరిగి ముందే వేయించాలి. కేల్ ముదురు కాబట్టి ఈనె తీసేసి, శనగపప్పుతో కుక్కర్లో పెట్టాలి. కోల్‌రాబీ అంటే మన నూల్‌కోలే, సాంబారుకి సరిగ్గా సరిపోతుంది. వెల్లుల్లి పూకాడలు దొరికితే ఎండుమిర్చితో వేయించి రోటిపచ్చడి చెయ్యండి. అవి దొరికేది మూడు వారాలే, దాటితే మళ్లీ ఏడాదికే.

ప్రశ్న: ఎకరం ఉంది, బోరు ఉంది. ఇలా వాటాలమ్మాలంటే ఎంతమందితో మొదలుపెట్టాలి?
- యువరైతు, షాద్‌నగర్

జవాబు: పది, పదిహేను ఇళ్లు. అంతకు మించొద్దు. పదిహేను ఇళ్లకి ఐదు కిలోలంటే వారానికి 75 కిలోలు, అదీ రకరకాలుగా, ఒక్క వారం తప్పకుండా. కొత్తవాళ్లు దెబ్బతినేది దిగుబడి దగ్గర కాదు, విత్తే తేదీల దగ్గర. అంతా ఒకే రోజు విత్తితే నాలుగో వారంలో ఆకు గుట్టలు, ఆరో వారంలో ఖాళీ సంచులు. మెంతి, తోటకూర పాతిక, ముప్పై రోజుల్లో కోతకొస్తాయి కాబట్టి వారానికో చిన్న మడి చొప్పున విత్తండి. బెండకి 45 రోజులు, బీరకి రెండు నెలలు పడుతుంది. వీటిని మూడు వారాల తేడాతో రెండు విడతలుగా వెయ్యండి. వాన, పురుగు తినేదానికి మూడో వంతు అదనంగా లెక్కేసుకోండి. మిగిలితే ఊళ్లోనే అమ్ముడుపోతుంది.

ముందొచ్చిన డబ్బంతా డ్రిప్పు మీద పెట్టకండి. దాన్ని నెలలవారీగా విడదీసి, ఆ నెల సంచులు ఇచ్చాకే ఆ నెల భాగం ముట్టుకోండి. తొలి సంచి తేదీ మాత్రం మొదటి పంట చేతికొచ్చాకే చెప్పండి.