మాత్రలు ఫ్రీయే, వెళ్లడానికి పూట ఏదీ?

ప్రశ్న: డాక్టరు గారూ, మా ఇంట్లో పనిచేసే ఆవిడకి 42 ఏళ్లు. మాతో కలిపి నాలుగిళ్లలో చేస్తుంది. మొన్న కళ్లు తిరిగి పడిపోతే చూపించాం, పై బీపీ 180 ఉంది. ప్రభుత్వాసుపత్రిలో మాత్రలు ఫ్రీ కదా, తెచ్చుకోవడానికి బద్ధకం, పైగా పచ్చడి లేనిదే ముద్ద దిగదు, రాకేం చేస్తుంది అంటారు మావారు. తప్పంతా వాళ్ల అలవాట్లదేనా?
- ఓ పాఠకురాలు, కాకినాడ

జవాబు: పచ్చడి మాట నిజమే, ఉప్పు తగ్గించాల్సిందే. (ఆవకాయ జాడీ మీ ఇంట్లోనూ ఉండే ఉంటుంది!) తప్పంతా అలవాట్లదే అంటే మాత్రం ఒప్పుకోను.

లండన్‌లో 1967లో వైట్‌హాల్ అధ్యయనమని ఒకటి మొదలైంది. దాదాపు 18 వేల మంది మగ ప్రభుత్వోద్యోగుల్ని ఏళ్ల తరబడి గమనించారు. వాళ్లలో కూటికి లేనివాళ్లెవరూ లేరు, పైగా అక్కడ 1948 నుంచే అందరికీ ప్రభుత్వ వైద్యం. అయినా అట్టడుగున ఉన్న బంట్రోతుల్లో గుండెజబ్బు చావులు పెద్ద ఆఫీసర్లలో కంటే సుమారు మూడు రెట్లు. కిందివాళ్లు సిగరెట్లు ఎక్కువ కాల్చేవాళ్లు, నిజమే, కానీ సిగరెట్లు, బీపీ, కొలెస్టరాల్ అన్నీ లెక్కలోకి తీసుకున్నా ఆ తేడాలో సగం కూడా తేలలేదు. ఇంకో తమాషా, మధ్యలో ఉన్న గుమాస్తాలు బంట్రోతుల కంటే నయం, ఆఫీసర్ల కంటే అధ్వానం. అంటే మీవారూ ఏదో ఒక మెట్టు మీద ఉన్నట్టే. 1985లో మొదలైన రెండో అధ్యయనంలో ఆడవాళ్లనీ చేర్చుకుని చూస్తే, తాను చేసే పని మీద తన మాట చెల్లనివాళ్లకి గుండెజబ్బు ఎక్కువని తేలింది.

ఇక మీ పనావిడ. ఓపీ చీటీకి లైనులో నిలబడేది పొద్దున, నాలుగిళ్ల అంట్లు తోమేదీ పొద్దునే. ఓ రోజు డాక్టరుకి, ఓ రోజు టెస్టులకి, మళ్లీ రిపోర్టుకి అని తిరిగితే ఏదో ఒక ఇంట్లో జీతం కోత, లేదా సణుగుడు. ఫ్రీ మాత్రకి ఆమె కడుతున్న రేటు అది! దాన్ని బద్ధకం అంటే ఎలా?

ఈ వారంలోనే జీతం కొయ్యకుండా ఒక పూట సెలవిచ్చి పంపండి, మిగతా మూడిళ్లవాళ్లకీ మీరే ఫోన్ చేసి చెప్పండి, తనంతట తాను అడిగే ధైర్యం ఆమెకి ఉండదు. నెలకి సరిపడా మాత్రలు ఒకేసారి ఇమ్మని అడగమనండి. బాగుందని మధ్యలో మానెయ్యకూడదు. ఈలోగా గుండెలో నొప్పి, మూతి వంకర, మాట తడబాటు, ఏది కనిపించినా ఓపీ దాకా ఆగొద్దు, 108కి ఫోన్ చేయండి.