రోబోల సంగతి తర్వాత, ముందు పెయింటు డబ్బా కొనండి

(గోదాముల్లో ముప్పై ఒక్క ఏళ్లు పనిచేసి రిటైరైన మేనేజర్ పాఠకుల ప్రశ్నలకు ఇచ్చిన జవాబులు)

ప్రశ్న: మాది సబ్బులు, షాంపూలు, బిస్కెట్ల డిస్ట్రిబ్యూషన్. గోదాము 12 వేల చదరపు అడుగులు, షెడ్డు ఎత్తు 18 అడుగులు. తొమ్మిది వందల దాకా ఐటమ్స్ ఉంటాయి. సరుకు ఉందని కంప్యూటర్ చెబుతుంది, వెతికితే దొరకదు. రోజూ నాలుగైదు షాపులకు తప్పు సరుకు వెళ్తోంది. రోబోలు రాకులు మోసుకొచ్చే వీడియో చూశాక నాన్నగారిని ఒప్పించాను. ఏ సిస్టమ్ పెట్టమంటారు?
- పేరు వేయవద్దన్న పాఠకుడు, తెనాలి

జవాబు: నాన్నగారిని అప్పుడే ఒప్పించేశారా! ఇప్పుడు ఆయన్ని మళ్లీ వెనక్కి తిప్పాలి, ఆ పాపం నాది.

మీరు చూసిన వీడియో ఎవరిదైనా గానీ, ఆ పద్ధతికి పేరు తెచ్చింది కివా అనే అమెరికా కంపెనీ. 2012లో అమెజాన్ దాన్ని 77.5 కోట్ల డాలర్లు పెట్టి కొనేసింది. మనిషి రాక్ దగ్గరికి నడవక్కర్లేదు, రాకే మనిషి దగ్గరికి వస్తుంది. మన దేశంలో గ్రేఆరెంజ్, యాడ్‌వెర్బ్ లాంటి కంపెనీలు కూడా గోదాము రోబోలు తయారు చేస్తున్నాయి. కివా బాట్, అంటే ఆ రోబో, నేల మీద అంటించిన స్టిక్కర్లను అడుగున ఉన్న కెమెరాతో చదువుకుంటూ దారి పడుతుంది. దానికి నేల అద్దంలా ఉండాలి. మీ ఫ్లోరు మీద జాయింట్లు ఎక్కడెక్కడ పగిలాయో ఒకసారి చూసి రండి. పైగా అలాంటి బాట్లు విడి వస్తువులకు బాగా పనికొస్తాయి, ఒకరికి ఒక పుస్తకం, ఇంకొకరికి ఒక చార్జర్ అన్నట్టు. మీ దగ్గర కార్టన్లకు కార్టన్లే కదా లేచేది! ఇక స్టాకర్ క్రేన్లంటారా, అంటే రాకుల మధ్య పట్టాల మీద తిరుగుతూ సరుకు పైకెత్తి పెట్టే, దించే క్రేన్లు, అవి నలభై అడుగులు, ఆ పైన ఎత్తుంటేనే గిట్టుబాటు. 18 అడుగుల షెడ్డులో పెడితే పెంకుటింటికి లిఫ్టు పెట్టినట్టుంటుంది.

అసలు మీ జబ్బు వేరు. సరుకు ఉంది, ఎక్కడుందో తెలీదు. ఆ లెక్కలతోనే బాట్లు తెచ్చారనుకోండి, అవి ఖాళీ రాకును ఎంతో వినయంగా తెచ్చి మీ ముందు నిలబెడతాయి.

నేను గడ్డి తిన్న కథ ఒకటి చెబుతాను. ఓ గోదాములో రోలర్ కన్వేయర్, అంటే తిరిగే గొట్టాల మీద పెట్టెలు జరిగే లైను, పెట్టించే పని నా మీద పడింది. కార్టన్ కొలిచాను, 45 సెంటీమీటర్ల పొడవు. రోలర్ల మధ్య దూరం 15 సెంటీమీటర్లు పెట్టించాను. పెట్టె ఎక్కడున్నా దాని కింద కనీసం మూడు రోలర్లు ఉండాలన్నది ఈ పనిలో మొదటి పాఠం. లెక్క సరిపోయింది, సంతోషించాను. రెండు నెలలకు కంపెనీ ప్యాకింగ్ మార్చింది. 25 సెంటీమీటర్ల చిన్న పెట్టెలొచ్చాయి. కింద రెండు రోలర్లు, ఒక్కోసారి ఒకటే. ముక్కు కిందికి వాలి ముందు రోలర్‌కి తగిలేది, ఆగిపోయేది. దాని వెనక ఇరవై పెట్టెలు క్యూ. అప్పుడే వానలు మొదలయ్యాయి. చెమ్మకు అట్ట మెత్తబడి పెద్ద పెట్టెలు కూడా పొట్ట దించుకుని ఈడ్చుకుంటూ వచ్చేవి. బయట లారీ హారన్ కొడుతుంటే నేను చీపురు కర్రతో పెట్టెలు పొడుస్తూ నిలబడ్డాను. ఆ సీజనంతా ఆ కర్ర పట్టుకోవడానికే ఒక కుర్రాణ్ణి పెట్టుకున్నాం. హెడ్డాఫీసుకు పంపిన రిపోర్టులో మాత్రం 'ఆటోమేటిక్' అనే రాశాను. నా తప్పల్లా ఒక్కరోజు సరుకు కొలిచి ఏడాదికి సరిపడా మెషిన్ కొనడమే.

అందుకని మీరు ముందు పెయింటు డబ్బా కొనండి. ప్రతి వరుసకు, ప్రతి గడికి, ప్రతి అంతస్తుకు అడ్రసు రాయండి. బి-07-3 అంటే బి వరుస, ఏడో గడి, మూడో అంతస్తు. దాని పక్కనే బార్‌కోడ్ అంటించండి. పెట్టేటప్పుడు ఒక స్కాన్, తీసేటప్పుడు ఒక స్కాన్. స్కాన్ కాకుండా పెట్టె కదలకూడదు, అది నాన్నగారు స్వయంగా వచ్చి తీసినా సరే. రోజూ సాయంత్రం ఓ ముప్పై గడులు లెక్క చూసి కంప్యూటర్‌తో పోల్చుకోండి. తప్పు ఏ చేతిలో పుడుతోందో కొన్ని వారాల్లో తేలుతుంది.

తర్వాత సరుకు తీసే కుర్రాడి వెనకాల ఒక పూట నడవండి. వాడి టైములో దాదాపు సగం నడకకే పోతుంది. రోజూ లేచే సబ్బులు వెనక గోడకి, ఏడాదికోసారి లేచే గిఫ్ట్ ప్యాకులు గుమ్మం దగ్గర ఉన్నాయేమో చూడండి. చాలా గోదాముల్లో అలాగే ఉంటాయి, ఎందుకో మరి!

మెషిన్లంటే ఇప్పటికి 1200 బై 1000 మిల్లీమీటర్ల ప్యాలెట్లు (సరుకు పేర్చే చట్రాలు), వాటిని చేత్తో లాగే మూడు హ్యాండ్ ప్యాలెట్ ట్రక్కులు, పైకెత్తడానికి ఒక బ్యాటరీ స్టాకర్ చాలు. ఫోర్క్‌లిఫ్ట్ కొనాలనిపిస్తే ముందు టేపు పట్టుకుని రాకుల మధ్య దారి కొలవండి. మామూలు ఫోర్క్‌లిఫ్ట్ తిరగడానికి మూడున్నర మీటర్లకు తక్కువైతే కష్టం. ఒక దసరా సీజన్ ఇలా నడిపి, లెక్కలు తప్పకపోతే అప్పుడు రోబోల గురించి మళ్లీ రాయండి. మిగిలిన డబ్బు బ్యాంకులో ఉండనివ్వండి.

ప్రశ్న: నేను ముఠా మేస్త్రిని. మా కోల్డ్ స్టోరేజీలో మిర్చి టిక్కీలు (బస్తాలు) నెట్టు కట్టడానికి, అంటే ఒకదాని మీద ఒకటి పేర్చడానికి, ఓనరు బెల్టు తెస్తానంటున్నాడు. మా పద్నాలుగు మందికి పని పోతుందా?
- గుంటూరు నుంచి ఒక పాఠకుడు

జవాబు: మేస్త్రి గారూ, మీకు అబద్ధం చెప్పను. పై వరసలకు మోసే మనుషులు తగ్గుతారు. కానీ లారీ మీంచి దించడం, బెల్టు మీదికి ఎక్కించడం, పైన అందుకుని పేర్చడం అన్నీ చేతి పనులే. కూలి టిక్కీ లెక్కన ఉంచమని ఇప్పుడే అడగండి. బెల్టు వచ్చాక రోజు కూలికి మారిస్తే లాభమంతా ఓనరుదే అవుతుంది. వయసొచ్చిన మగమనిషి మోసే బరువు 55 కిలోలు దాటకూడదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే సిఫార్సు చేసింది. అయినా నలభై కిలోల టిక్కీతో రోజంతా మెట్లెక్కిన మోకాళ్ల సంగతి మీకు నేను చెప్పాలా? బెల్టు ఆ మెట్లు తప్పిస్తుంది, దాన్ని వద్దనకండి.

ఒక్కటి మాత్రం పట్టుబట్టండి. బెల్టు చివర పుల్లీలకు జాలీ ఉండాలి, లాగితే ఆగిపోయే తాడు పక్కనే ఉండాలి. నా కళ్ల ముందే ఒకతని మెడలో తువ్వాలు కొస పుల్లీలోకి వెళ్లింది. ఎవరో మెయిన్ స్విచ్ కొట్టబట్టి బతికాడు. తువ్వాలు నడుముకు కూడా కట్టొద్దు, మేకుకు తగిలించి రమ్మనండి.

ప్రశ్న: స్టాకర్ బ్యాటరీకి నీళ్లు చార్జింగ్‌కి ముందు పోయాలా, తర్వాతా?
- ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: చార్జింగ్ అయ్యాకే, అదీ డిస్టిల్డ్ వాటరే. ముందే నిండుగా పోస్తే చార్జింగ్‌లో పొంగి యాసిడ్ బయటికొస్తుంది. ప్లేట్లు పైకి తేలి కనిపిస్తుంటే మాత్రం అవి మునిగేంత వరకే ముందు పోయండి. గది కిటికీలు తెరిచి ఉంచండి, చార్జింగ్‌లో హైడ్రోజన్ వస్తుంది. మూత తీసి చూసే మనిషి చేతిలో బీడీ ఉందేమో కూడా చూసుకోండి.