చదివిన కొడుకు చీరల మూట ఎత్తుతానంటే

ప్రశ్న: మాది ఒడిశాలోని బరంపురం. పట్టుచీరలు మోటార్‌సైకిల్ మీద ఊరూరా తిప్పి అమ్ముతాను. బీకాం పాసైన మా అబ్బాయి బ్యాంకు కోచింగ్ మానేసి, ఇంటింటికీ హెల్త్ ప్రొడక్టులు అమ్మే కంపెనీలో చేరతానంటున్నాడు. ముందు కిట్ కొనాలట. వద్దంటే 'నీ వ్యాపారమే చేస్తా' అంటున్నాడు. ఇందుకేనా చదివించింది అనిపిస్తోంది. ఈ రెండింటికీ ఏ లైసెన్సులు కావాలి? ఏది మేలు?

జవాబు: పర్లాకిమిడి నుంచి, గుణుపురం నుంచి, రాయగడ నుంచి కూడా తండ్రులు నన్ను ఇదే అడుగుతుంటారు. లైసెన్సు పేరు చెప్పి అడుగుతారు గానీ, అసలు దిగులు నలుగురూ ఏమంటారోనని.

ముందు మీ వ్యాపారం సంగతి. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం తిరుగుడు వ్యాపారులకూ వర్తిస్తుంది. మీ ఊరి టౌన్ వెండింగ్ కమిటీ (వీధి వ్యాపారుల సంగతి చూసే కమిటీ) వెండింగ్ సర్టిఫికెట్, అంటే అమ్ముకోవడానికి అనుమతి పత్రం, ఇస్తుంది. వయసు 14 నిండాలి, వేరే జీవనాధారం లేదని రాసివ్వాలి. సర్వేలు అయిదేళ్లకోసారి జరిగినా మధ్యలో దరఖాస్తు చేసుకోవచ్చు. ఆ కాగితం ఉంటే పోలీసుల బెడద తగ్గుతుంది. ఎవరైనా సరుకు పట్టుకుపోతే జాబితా రాసివ్వాలి, చీరల్లాంటివైతే అడిగిన రెండు పనిదినాల్లో తిరిగివ్వాలి. అయితే ఇది పట్నం వరకే. పల్లె సంతల్లో పంచాయతీ ఆశీలు కట్టి అమ్ముకోవడం మీకు తెలిసిందే.

సరిహద్దు దాటి ఇచ్ఛాపురం వైపు ఆంధ్రలో అమ్ముతున్నారా? అయితే జీఎస్టీ చూసుకోవాలి. సొంత రాష్ట్రంలో సరుకు అమ్మేవాళ్లకు ఏడాది అమ్మకాలు 40 లక్షల రూపాయల దాకా ఉంటే రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. పక్క రాష్ట్రానికి తీసుకెళ్లి అమ్మితే ఆ వెసులుబాటు ఉండదు. చేతి పనివాటికి కొన్ని మినహాయింపులున్నాయి కాబట్టి మీ చీరలు అందులోకి వస్తాయేమో అకౌంటెంటును అడగండి.

ఇక ఆ కంపెనీ. నాకు భయం ఇక్కడే. హోటల్ హాల్లో మీటింగు, స్టేజీ మీద సూటు వేసుకున్న కుర్రాడు, 'నీ కింద నలుగురిని చేర్చు, ఆ నలుగురూ మరో నలుగురిని' అన్న లెక్క. చిన్న ఊళ్లో ఆ నలుగురు ఎవరు? మేనమామ, పిన్ని, క్లాస్‌మేట్లు. వాళ్లు అయిపోగానే కిట్ అటక మీదికి, అప్పు తండ్రి నెత్తి మీదికి. అలా చుట్టాలతో మాటలు తెగిపోయిన పిల్లలు నా దగ్గరికి వచ్చారు. వాళ్లకు డబ్బు పోయిన బాధకంటే ఆ బాధే ఎక్కువ.

2021 డిసెంబరులో వచ్చిన డైరెక్ట్ సెల్లింగ్ (దుకాణం లేకుండా నేరుగా అమ్మడం) నిబంధనల ప్రకారం కంపెనీ అమ్మకందారుతో రాతపూర్వక ఒప్పందం చేసుకోవాలి, గుర్తింపు కార్డు ఇవ్వాలి. ఆ కార్డు లేకుండా, ఇంటివాళ్ల అనుమతి ముందే తీసుకోకుండా గడప తొక్కకూడదు. మనుషుల్ని చేర్చినందుకు డబ్బిచ్చే పిరమిడ్ పథకాలు నిషిద్ధం. కొత్తగా చేరేవాళ్ల డబ్బునే పాతవాళ్లకు తిప్పే మనీ సర్క్యులేషన్ పథకాలను 1978 చట్టం ఏనాడో నేరం చేసింది. అబ్బాయిని ఒక్కటే అడగండి: కొత్తగా ఎవరినీ చేర్చకుండా, సరుకు మాత్రమే అమ్మితే నెలకు ఎంత మిగులుతుంది? దానికి జవాబు కాగితం మీద రాకపోతే కిట్‌కు పైసా ఇవ్వకండి.

మిమ్మల్నీ ఒక మాట అనాలి. ఆ చీరల మీద వచ్చిన డబ్బుతోనే ఇల్లు నడిపారు, ఫీజులు కట్టారు. అదే పని కొడుకు చేస్తానంటే తల దించుకుంటారా? మీ పనిని మీరే తక్కువ చేసి మాట్లాడుతుంటే, సూటు వేసుకున్నవాడి మాట పిల్లాడికి గొప్పగా వినపడదా? తప్పు వాడొక్కడిదే కాదు.

ఏది మేలన్నారు. కిట్ కంటే మీ మూట వెయ్యి రెట్లు మేలు. బ్యాంకు పరీక్షతో పోల్చి చెప్పమంటే, ఇంట్లో గొడవ సద్దుమణిగాక వాడే తేల్చుకుంటాడు. బీకాం చదివినవాడు లెక్కలు రాస్తాడు, వాట్సాప్‌లో చీరలు చూపిస్తాడు, బాకీలు వసూలు చేస్తాడు. చదువు ఎక్కడికీ పోదు, కంగారు పడకండి.

వచ్చే వారం ఇద్దరూ కలిసి మున్సిపల్ ఆఫీసుకు వెళ్లండి. సర్టిఫికెట్ మీ పేరున తీసుకున్నా కుటుంబ సభ్యుడు వ్యాపారం చేయడానికి చట్టం ఒప్పుకుంటుంది. వీధి వ్యాపారులకు కేంద్రం అప్పు ఇప్పించే పీఎం స్వనిధి పథకం గురించీ అక్కడే అడగండి. పూచీకత్తు లేకుండా మొదటి విడతగా 15,000 రూపాయల దాకా అప్పు ఇస్తారు. చీరల వ్యాపారానికి అది చాలు, కిట్ కోసం బయట అప్పు చేయాల్సిన అవసరం ఉండదు.