సీ డ్రైవ్ ఎర్రబడిందని తొందరపడకు బుజ్జీ

బుజ్జీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్లో ఆ మాటా ఈ మాటా చెప్పి, చివర్లో "వదినా, సీ డ్రైవ్ నిండిపోయి ఎర్రగా చూపిస్తోందని మీ మేనకోడలు ఆదివారం లాప్‌టాప్‌లో సీ, డీ రెండూ కలిపేస్తుందట, ఏదో వీడియో చూసింది" అంది. ఇంట్లో అందరూ చిన్న బొమ్మ మారినా షాపుకి మోసుకెళ్ళేవాళ్ళే, నువ్వొక్కదానివి డిస్క్‌లో భాగాలు చూపించే ఆ డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి చూశావంటే నాకు గర్వంగానే ఉంది. కానీ పడుకున్నాక ఆ "కలిపేస్తుందట" అన్నమాటే చెవిలో తిరిగింది. అందుకే రాస్తున్నా, విసుక్కోకుండా చదువు.

ముందు అసలు సంగతి. మీ నాన్న లాప్‌టాప్‌లో ఉన్నది 512 జీబీ ఎస్ఎస్‌డీ, అంటే కొత్తరకం డిస్క్, విండోస్ లెక్కలో 476 అని కనిపిస్తుంది, మిగతాది ఎవరూ కాజేయలేదు, లెక్కపెట్టే పద్ధతి వేరు అంతే. అందులో షాపువాళ్ళు సీకి 100 ఇచ్చి మిగిలిందంతా డీకి పెట్టారు. పాత రోజుల అలవాటు అది, సీ ఫార్మాట్ కొట్టినా డీలో సామాను మిగులుతుందని. ఆ సామాను డీలో పెట్టేవాళ్ళు ఎవరమ్మా? డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్ అన్నీ సీలోనే ఉంటాయి. మా డీటీపీ సెంటర్‌కి వచ్చేవాళ్ళలో సగంమందికి ఆ సంగతి తెలియదు, "ఫైలు సీలో లేదు మేడమ్, డెస్క్‌టాప్ మీద ఉంది" అనేవాళ్ళు. మీ నాన్నా అంతే. పెళ్ళి వీడియోలు, ఫోన్ నుంచి దించిన ఫోటోలు అన్నీ డెస్క్‌టాప్ మీదే, డీ మాత్రం ఖాళీగా పడి ఉంటుంది.

కాబట్టి పార్టిషన్ల జోలికి, అంటే డిస్క్‌ని సీ, డీ అని పంచిన భాగాల జోలికి పోకుండానే నీ పని తొంభై పాళ్ళు అయిపోతుంది. డాక్యుమెంట్స్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో లొకేషన్ అనే ట్యాబ్ చూడు, అక్కడ మూవ్ నొక్కి డీలో పెట్టుకోవచ్చు. డెస్క్‌టాప్, పిక్చర్స్, వీడియోస్, డౌన్‌లోడ్స్ కూడా అలాగే. ఒక్కటి మాత్రం మర్చిపోకు, ముందు డీలో ఒక్కోదానికీ ఒక్కో ఫోల్డర్ చేసుకుని అది చూపించు. నేరుగా డీ డ్రైవ్‌నే చూపించావంటే డీ మొత్తం డాక్యుమెంట్స్ అయి కూర్చుంటుంది, మళ్ళీ వెనక్కి తీయడం తలనొప్పి.

తర్వాత సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో స్టోరేజ్, అందులో టెంపరరీ ఫైల్స్. అక్కడ డౌన్‌లోడ్స్ అని కూడా ఒక గడి ఉంటుంది, దానికి టిక్ పెట్టకు! మీ నాన్న మీభూమి సైట్‌లోంచి దించిన పొలం 1బీలు, కరెంటు బిల్లులు అన్నీ అందులోనే ఉంటాయి, ఆయనకి అది చెత్తబుట్ట కాదు, బీరువా. విండోస్.ఓల్డ్ కనిపిస్తే అది పాత విండోస్, అప్‌డేట్ బాగానే పనిచేస్తుంటే తీసేయ్, నువ్వు తీయకపోయినా మామూలుగా 10 రోజులకి అదే పోతుంది. విన్‌ఎస్ఎక్స్ఎస్ అని ఒక పెద్ద ఫోల్డర్ ఉంటుంది, అది విండోస్ సొంత సామాను, చేత్తో ముట్టుకోవద్దు. తెరిచిన పనంతా డిస్క్‌లో దాచి లాప్‌టాప్ ఆపే హైబర్నేట్ వాడకపోతే అది ఆపేయొచ్చు, 8 జీబీ ర్యామ్ ఉంటే 3 జీబీ పైనే వస్తుంది, కాకపోతే లాప్‌టాప్ ఆన్ అవ్వడం కొంచెం నెమ్మదిస్తుంది.

ఇంతా చేశాక కూడా సీ ఎర్రగానే ఉంటే అప్పుడు ఆలోచిద్దాం. ఈలోగా మీ నాన్న చేసిన ఘనకార్యం నీకు చెప్పాలి, వాడు నీకు ఎప్పుడూ చెప్పి ఉండడు.

2012 వేసవి. అప్పటికి రాష్ట్రం ఒకటే, కరెంటు కోతలు మాత్రం ఎవరి ఊరివి వాళ్ళవి. మీ నాన్న పాత లాప్‌టాప్‌కి బ్యాటరీ ఉబ్బిపోతే తీసి పక్కన పడేసి ఉత్త ఛార్జర్ మీదే నడిపేవాడు. నీలాగే సీ నిండిపోయింది. ఎవరో ఇచ్చిన సాఫ్ట్‌వేర్ పెట్టి డీని కుడివైపుకి జరపడం మొదలుపెట్టాడు. స్క్రీన్ మీద గీత జరిపినంత తేలిక్కాదు బుజ్జీ అది, లోపల ఉన్న డేటా మొత్తాన్ని ముక్కముక్కగా ఒక చోటి నుంచి తీసి ఇంకో చోట రాస్తుంది, గంటలు పడుతుంది. సగంలో కరెంటు పోయింది. మళ్ళీ వచ్చాక విండోస్ మామూలుగానే తెరుచుకుంది, డీ మీద నొక్కితే "ఫార్మాట్ చేస్తే కానీ వాడలేరు" అని అడిగింది. నాకు ఒక్క ఫోన్ చేసుంటే సరిపోయేది. వీడు అవునని నొక్కేశాడు! డీ తెరుచుకుంది, ఖాళీగా, శుభ్రంగా. అమ్మయ్య బాగైంది అనుకుని, సరిగ్గా పనిచేస్తోందో లేదో చూద్దామని పెన్ డ్రైవ్‌లోంచి ఒక సినిమా అందులోకి ఎక్కించాడు. ఆ తర్వాత గుర్తొచ్చింది వాడికి, మీ తాతయ్య షష్టిపూర్తి ఫోటోలు అందులోనే ఉన్నాయని, కెమెరా కార్డు ఎప్పుడో చెరిపేశామని.

క్విక్ ఫార్మాట్ కొట్టినంత మాత్రాన పాత హార్డ్ డిస్క్‌లో అన్నీ పోవు, జాబితా పోతుంది, ఫోటోలు అక్కడే పడి ఉంటాయి, వాటి మీద ఇంకేదైనా రాసేదాకా. వీడు సినిమా రాశాడు. రాత్రి బస్సెక్కి మా సెంటర్‌కి తెచ్చాడు, మొహం చూడలేకపోయాను, తిట్టాలని నోటిదాకా వచ్చింది కానీ తిట్టలేదు. పోయిన ఫైళ్ళు వెతికే ఫోటోరెక్ అనే సాఫ్ట్‌వేర్ నడిపితే పేర్లు లేకుండా ఎఫ్ అక్షరం వెనక అంకెలతో వేలకొద్దీ ఫైళ్ళు వచ్చాయి. కొన్ని బాగున్నాయి. కొన్ని సగం వరకు ఫోటో, కింద సగం బూడిదరంగు. తాతయ్య తలపాగా, కళ్ళజోడు కనిపిస్తాయి, ఒళ్ళో కూర్చున్న నువ్వు కనిపించవు. ఇంకా నా దగ్గర ఉన్నాయి అవి, నేను చెరపలేదు.

ఇప్పుడు మీ లాప్‌టాప్‌లో ఉన్నది ఎస్ఎస్‌డీ. అందులో చెరిపిన చోటు ఏదో విండోస్ ట్రిమ్ అనే ఆదేశంతో చెప్తుంది, డ్రైవ్ లోలోపలే దాన్ని శుభ్రం చేసుకుంటుంది, ఫోటోరెక్‌కి ఆ సగం ఫోటోలు కూడా మామూలుగా మిగలవు. అందుకే నా కంగారు.

కలపక తప్పదంటే బయట ఒక హార్డ్ డిస్క్ కొను, డబ్బులు నేనిస్తా, మీ నాన్నని అడగకు. సీ, డీ పేర్లు రెండైనా ఉన్నది ఒకే డిస్క్‌లో, డీలో దాచినది బ్యాకప్ కాదు. అన్నీ బయటి డిస్క్‌లోకి కాపీ చేశాక వేరే లాప్‌టాప్‌లో నాలుగు ఫోటోలు తెరిచి చూడు. డిస్క్‌కి తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉందేమో చూసి, ఉంటే దాని 48 అంకెల రికవరీ కీ కాగితం మీద రాసుకుని, బిట్‌లాకర్‌ని సస్పెండ్ చెయ్, అంటే కాసేపు ఆపు. డీలో ఏవైనా సాఫ్ట్‌వేర్లు ఎక్కించి ఉంటే అవి మళ్ళీ ఎక్కించుకోవాల్సిందే. అప్పుడు డీని జరపకుండా ఏకంగా తీసేసి, సీ మీద ఎక్స్‌టెండ్ వాల్యూమ్ నొక్కి, మిగిలిన చోటులో కొత్త డీ చేసుకో. ఇందులో జరపడం లేదు కాబట్టి నిమిషాల్లో అవుతుంది. ఎక్స్‌టెండ్ వాల్యూమ్ మసగ్గా ఉండి నొక్కడానికి రాకపోతే చాలాసార్లు సీకీ ఖాళీకీ మధ్య రికవరీ పార్టిషన్, అంటే విండోస్ పాడైతే బాగుచేసుకోడానికి ఉంచిన భాగం, ఉన్నట్టు. మధ్యలో పక్కవాళ్ళ ఇల్లు పెట్టుకుని మన ప్రహరీ జరపలేం కదా, అక్కడ ఆగిపో. డైనమిక్ డిస్క్‌గా మారుస్తానని ఏదైనా కిటికీ వస్తే వద్దనే నొక్కు.

ఏదీ నొక్కకముందు డిస్క్ మేనేజ్‌మెంట్ స్క్రీన్ మొత్తం పడేట్టు ఫోటో తీసి నాకు వాట్సాప్ చెయ్. ఆదివారం పదింటి తర్వాత అయితే నేను ఖాళీ. మీ నాన్నని మాత్రం ఆ పూట ఏదో పని చెప్పి బయటికి పంపించెయ్, పక్కన నిలబడి "అవునని నొక్కవే, ఏం కాదు" అంటాడు.

మీ అత్త