దెగా మోనోటైప్ ముఖాల బొమ్మలు: ఒక్క కాపీ కోసం ప్రెస్ ఎందుకు?

మోనోటైప్ అంటే ఒక్క కాపీయే వచ్చే అచ్చుబొమ్మ. దాన్ని ప్రింట్ అనడం ఎందుకు, నేరుగా కాగితం మీదే గీయొచ్చు కదా అన్నది ప్రశ్న.

ఎచింగ్ అనే అచ్చు పద్ధతిలో ఆమ్లం తినేసి గీత రాగి రేకులోకి దిగుతుంది, అందుకే చాలా కాపీలు తీయొచ్చు. మోనోటైప్‌లో గాట్లే ఉండవు. నున్నటి రేకు మీద సిరాతో బొమ్మ వేసి, ఆరకముందే తడి కాగితం పరిచి ప్రెస్‌లో నొక్కుతారు. సిరా చాలావరకు మొదటి కాగితానికే ఎక్కేస్తుంది. బొమ్మ రేకు మీద నుంచి అచ్చయింది కాబట్టి అది ప్రింటే.

ఫ్రెంచ్ చిత్రకారుడు ఎడ్గార్ దెగా (1834–1917) 1870ల మధ్యలో మిత్రుడు లెపిక్ ద్వారా ఈ పద్ధతి నేర్చుకున్నాడు. ఖాళీ రేకు మీద బ్రష్‌తో గీసేవాడు. లేదంటే రేకంతా నల్లగా పులిమి, గుడ్డతో, వేళ్లతో తుడుస్తూ చీకట్లోంచి వెలుతురు లాగేవాడు. నా మటుకు ఆ రెండో రకమే అసలైన దెగా! కొన్ని ప్రింట్లలో ఆయన వేలిముద్రలు ఇప్పటికీ కనిపిస్తాయి.

బ్రిటిష్ మ్యూజియంలో ఆయన వేసిన ఒక మగమనిషి, ఒక ఆడమనిషి తలల బొమ్మ ఉంది. అరచేతిలో ఇమిడిపోతుంది. ముఖాలు అలుక్కుపోయి, వీధిలో పక్కనుంచి దాటిపోయినవాళ్లలా ఉంటాయి. పెన్సిల్‌తో ఆ మసక రాదు. పైగా ప్రెస్‌లో పెట్టే చివరి క్షణం దాకా ముక్కు, కన్ను చెరిపి మళ్లీ దిద్దుకోవచ్చు.

నిజానికి దెగా చాలాసార్లు ఒక్క కాపీతో ఆగలేదు. మిగిలిన సిరాతో వెలిసిపోయినట్టుండే రెండో కాపీ తీసి, దాని మీద పాస్టెల్ (సుద్దముక్కల్లాంటి) రంగులు వేసేవాడు.