టూరింగ్ బైక్ సస్పెన్షన్: అప్పు చేసే ముందు టేపు తీయండి

ప్రశ్న: నా టూరింగ్ బైక్ 42,000 కి.మీ. తిరిగింది. భార్యతో, సామానుతో దూర ప్రయాణాలు ఎక్కువ. గుంటలో పడితే వెనక భాగం దబ్‌మని అడుగుకి తగులుతోంది. బ్రేకు వేస్తే ముందు భాగం బాగా దిగిపోతోంది. ముందు ఫోర్క్‌ గొట్టాల లోపల ఊపును అదుపుచేసే కార్ట్రిడ్జ్ కిట్, వెనక కొత్త షాక్ అబ్జార్బర్ రెండూ ఒకేసారి వేయించుకోమని వర్క్‌షాప్‌లో కొటేషన్ ఇచ్చారు. మొత్తం బండి ఇప్పటి విలువలో పావు వంతు. అందులో షాక్ 52 శాతం, కిట్ 34 శాతం, లేబర్ 14 శాతం. 12 శాతం ఫ్లాట్ వడ్డీతో 18 నెలల వాయిదాలు ఇస్తామంటున్నారు. లేదంటే మూడు నెలల ఖర్చులకని దాచుకున్న అత్యవసర నిధిలోంచి తీయాలి. ఏది మంచిది? నా బరువు 86 కిలోలు, ఆమెది 62, సామాను 30. బండి ఇంకో ఐదేళ్లు ఉంచుకుంటాను.

జవాబు: వాయిదాలూ వద్దు, అత్యవసర నిధీ వద్దు. పని మాత్రం చేయించుకోదగ్గదే. ఇద్దరు ఎక్కే బండి అడుగుకి కొడుతుంటే అది సౌకర్యానికి సంబంధించిన విషయం మాత్రమే కాదు. మలుపులో వెనక భాగం అడుగుకి తగిలిన క్షణంలో టైరు పట్టు కూడా తప్పుతుంది. అయితే ఆ కొటేషన్‌లో ఉన్నదంతా మీకు అవసరమని మీరు రాసిన లక్షణాలు చెప్పడం లేదు.

ముందు వడ్డీ లెక్క చూద్దాం. కొటేషన్ మొత్తాన్ని 100 అనుకోండి. 12 శాతం ఫ్లాట్ అంటే ఏడాదిన్నరకు 18 వడ్డీ. మొత్తం 118ని 18 నెలలకు పంచితే నెలకు 6.56. అసలు నెలనెలా తగ్గుతున్నా వడ్డీ మాత్రం మొదటి రోజు అసలు మీదే పడుతూ ఉంటుంది కాబట్టి, తగ్గే బాకీ మీద లెక్కిస్తే ఇది ఏడాదికి 21 శాతం దాటుతుంది. కొన్న రోజు నుంచే విలువ తగ్గే వస్తువుకి ఇంత వడ్డీ కట్టడం నాకు ఏ విధంగానూ సమంజసంగా కనిపించదు. ఇక అత్యవసర నిధి మూడు నెలలకే ఉంది, అసలే అది తక్కువ. దాన్ని కదపకండి.

ఇప్పుడు కొలతలకు వద్దాం. దీనికి కావాల్సింది ఒక టేపు, ఇద్దరు మనుషులు, అరగంట సమయం. టైర్లలో గాలి కంపెనీ చెప్పిన మేరకు, ఇద్దరూ సామానూ ఉన్నప్పటి అంకెకు పెట్టండి. వెనక చక్రం నేలకు తగలకుండా బండిని ఎత్తి నిలిపి, యాక్సిల్ నుంచి దానికి నేరుగా పైన బాడీ మీద ఒక గుర్తు వరకు కొలవండి. ఇది 600 మి.మీ. వచ్చిందనుకుందాం. తర్వాత బండిని చక్రాల మీద నిలిపి ఎవరూ ఎక్కకుండా, ఆపైన ఇద్దరూ ఎక్కి సామానుతో కొలవండి. ప్రతిసారీ రెండు కొలతలు తీయాలి. వెనక భాగాన్ని కొంచెం పైకి లాగి మెల్లగా వదిలితే ఒకటి, కిందికి నొక్కి మెల్లగా వదిలితే ఇంకొకటి. సీళ్లలో, లింకేజీలో (షాక్‌ను వెనక చక్రం వైపు కలిపే లీవర్లలో) ఉండే రాపిడి వల్ల ఈ రెండూ ఒకేలా రావు కాబట్టి సగటు తీసుకోవాలి. రెండిటికీ మరీ ఎక్కువ తేడా ఉంటే లింకేజీ బేరింగులు ఎండిపోయి ఉండవచ్చు. వాటిని విప్పి శుభ్రం చేసి గ్రీజు పెట్టించడం షాక్ ధర ముందు ఎంతో చిన్న ఖర్చు.

ఎవరూ లేనప్పుడు 586, ఇద్దరూ సామానుతో 522 వచ్చిందనుకోండి. అంటే బండి తన బరువుకే 14 మి.మీ. దిగింది, నిండు బరువుకి 78 మి.మీ. దిగింది. దీన్నే సాగ్ అంటారు. వెనక చక్రం మొత్తం కదలిక 150 మి.మీ. అయితే కదలకముందే సగానికి పైగా ఖర్చయిపోయింది. నిండు బరువు మీద సాగ్ మొత్తం కదలికలో మూడో వంతుకు అటూ ఇటూ, అంటే 45 నుంచి 52 మి.మీ. మధ్య ఉండాలి. ఇప్పుడు ప్రీలోడ్‌ను (స్ప్రింగును ముందే కొంత నొక్కి ఉంచే సర్దుబాటును) చివరి వరకు బిగించి మళ్లీ కొలవండి. నిండు బరువు మీద 66కి తగ్గి, ఖాళీ బండికి 2 మి.మీ. మాత్రమే మిగిలితే స్ప్రింగు మీ బరువుకి మెత్తన అని తేలిపోయినట్టే. ప్రీలోడ్ బండి ఎత్తును మారుస్తుందే తప్ప స్ప్రింగును గట్టిపరచదు. చాలామంది ఇక్కడే పొరబడి, బిగిస్తూ పోయి, ఒంటరిగా వెళ్లేటప్పుడు బండి ఎగిరెగిరి పడుతోందని షాక్‌ను తిడతారు. అలా కాక ప్రీలోడ్ బిగించాక నిండు బరువు మీద 50 దగ్గరికి వచ్చేసి, ఖాళీ బండికీ తగినంత సాగ్ మిగిలితే మీ సమస్య స్ప్రింగుది కాదు, డ్యాంపింగ్‌ది, అంటే ఊపును ఆయిల్‌తో అదుపుచేసే భాగానిది.

బరువు లెక్క కూడా చూసుకోండి. హెల్మెట్, జాకెట్, బూట్లతో మీరు 95, ఆమె 69 అవుతారు. సామాను 30. పెట్టెలు, వాటి రాడ్లు మరో 12 అనుకుంటే మొత్తం 206 కిలోలు. బండి ప్లేటు మీద గరిష్ఠ బరువు 440, కర్బ్ వెయిట్ (ఇంధనంతో సహా ఖాళీ బండి బరువు) 245 అని ఉంటే మోయగలిగింది 195 మాత్రమే. మీ బండి అంకెలు మీరే చూసుకోండి. కొత్త షాక్ ఈ పరిమితిని ఒక్క కిలో కూడా పెంచదు. చక్రాలు, టైర్లు, బ్రేకులు, వెనక సబ్‌ఫ్రేమ్ (సీటును మోసే చట్రం) పాతవే కదా. పరిమితి దాటుతుంటే మొదట తగ్గాల్సింది సామాను, అందుకు పైసా ఖర్చు లేదు.

ముందు భాగానికి వస్తే, 42,000 కి.మీ.కి ఫోర్క్ ఆయిల్ ఒక్కసారీ మార్చకపోతే బ్రేకు వేసినప్పుడు దిగడంలో దాని వాటా ఉంటుంది. వేడికి, నలుగుడుకి ఆయిల్ పలచబడుతుంది, లోహపు పొడితో మురికి అవుతుంది. ఇది అప్‌గ్రేడ్ కాదు, ఎలాగూ చేయించాల్సిన సర్వీసు. ఫోర్క్ విప్పిన రోజునే మీ బరువుకి తగిన స్ప్రింగులు, కొత్త సీళ్లు వేయించేయండి. ఈ మూడింటికీ విప్పి బిగించే పని ఒక్కటే కాబట్టి విడివిడిగా చేయిస్తే ఒకే లేబర్‌ను మళ్లీ మళ్లీ కట్టినట్టవుతుంది. టూరింగ్ బైకుల ముందు స్ప్రింగుల గట్టిదనం మామూలుగా మిల్లీమీటరుకు 0.8 నుంచి 1.0 కిలోల మధ్య ఉంటుంది. 0.05 తేడా కూడా నడిపేవారికి తెలుస్తుంది, అందుకని హెల్మెట్, జాకెట్‌లతో కలిపిన బరువు చెప్పి కొనాలి.

కార్ట్రిడ్జ్ కిట్ ఇప్పటికి ఆపండి. అయితే మీ ఫోర్క్ లోపల ఏముందో అడగండి. పాత తరహా డ్యాంపర్ రాడ్ (రంధ్రాలున్న గొట్టం) అయితే ఆయిల్ స్థిరమైన రంధ్రాల గుండా పోవాలి. వేగం రెట్టింపయితే నిరోధం దాదాపు నాలుగు రెట్లవుతుంది. అందుకే అలాంటి ఫోర్కు బ్రేకుకి మెత్తగా దిగిపోతూ, పదునైన గుంటకి మాత్రం చేతులు అదిరేలా కొడుతుంది. స్ప్రింగు, ఆయిల్ మార్చాక కూడా ఆ గుణం మిగిలితే పూర్తి కిట్‌కి ముందు ఎమ్యులేటర్ వాల్వుల (కార్ట్రిడ్జ్ పనితీరును అనుకరించే చిన్న వాల్వుల) గురించి ఆలోచించండి. అవి రాడ్ పైన కూర్చుంటాయి, ధర తక్కువ. వాటి కోసం రాడ్‌లో రంధ్రాలు పెద్దవి చేయాలి, ఇంకొన్ని కొత్తవి వేయాలి. ఒకసారి వేసిన రంధ్రం పూడదు కాబట్టి బండి అమ్మేనాటికి వెనక్కి వెళ్లాలనుకుంటే పాత రాడ్లు దాచి వేరే జత మీద చేయించాలి.

ఈ పనిలో ఎక్కువగా చెడేది ఆయిల్ మట్టం దగ్గర. స్ప్రింగు తీసి, ఫోర్క్‌ను పూర్తిగా నొక్కి ఉంచి, ట్యూబ్ అంచు నుంచి ఆయిల్ వరకు ఉన్న ఖాళీని మిల్లీమీటర్లలో కొలవాలి. రెండు కాళ్లలోనూ సమానంగా ఉండాలి. ఆయిల్ ఎక్కువైతే లోపలి గాలి బాగా నలిగి ఫోర్క్ చివర్లో గోడలా గట్టిపడుతుంది, సీళ్లు లీకవుతాయి. తిరిగి బిగించేటప్పుడు ముందు చక్రపు యాక్సిల్‌ను పట్టి ఉంచే పించ్ బోల్టును అన్నిటికన్నా చివర్లో బిగించాలి. దానికి ముందు ఫోర్క్‌ను నాలుగైదు సార్లు నొక్కి వదలకపోతే రెండు కాళ్లు వంకరగా పట్టేసి, కొత్త స్ప్రింగు కూడా మొరాయిస్తుంది.

వెనక షాక్ విషయంలో వర్క్‌షాప్ మాట చాలావరకు నిజం. చాలా బండ్లకు కంపెనీ నుంచి వచ్చే షాక్ విప్పి బాగుచేసే రకం కాదు. పాత షాక్‌కి గట్టి స్ప్రింగు ఒక్కటే వేస్తే చౌకగా అయిపోతుందనిపిస్తుంది. కానీ అరిగిన రీబౌండ్ డ్యాంపింగ్ ఆ స్ప్రింగు తిరిగి విప్పుకునే వేగాన్ని పట్టుకోలేదు, గుంట దాటాక వెనక భాగం మళ్లీ మళ్లీ ఊగుతుంది. కొనేటప్పుడు మూడు విషయాలు రాయించుకోండి: స్ప్రింగు మీ ఇద్దరి బరువుకీ సామానుకీ ఎంచినదై ఉండాలి, షాక్ విప్పి సర్వీసు చేయడానికి వీలైనదై ఉండాలి, చేత్తో తిప్పే హైడ్రాలిక్ ప్రీలోడ్ ఉండాలి. ఒంటరిగా ఒకరోజు, ఇద్దరూ పెట్టెలతో మరోరోజు వెళ్లే మీకు ఈ మూడోదాని మీద పెట్టే డబ్బే ఎక్కువగా పనికొస్తుంది. ఆయిల్‌కి విడి రిజర్వాయర్ (చిన్న ట్యాంకు) ఉంటే గంటల తరబడి గతుకుల దారిలో ఆయిల్ వేడెక్కి మెత్తబడటం తగ్గుతుంది. మీ ప్రయాణాలు ఎక్కువగా నున్నటి రోడ్ల మీదే అయితే దాని కోసం అదనంగా పెట్టకండి.

డబ్బు వరుస ఇలా పెట్టుకోండి. ఆ 6.56 వాయిదానే నెలనెలా వేరే రికరింగ్ డిపాజిట్‌లో వేయండి. మూడు నెలలకు 19.7 చేరుతుంది. స్ప్రింగులు, సీళ్లు, ఆయిల్, లేబర్ దానిలో ఇమిడేలా విడి కొటేషన్ అడగండి. ఆ తర్వాతి తొమ్మిది నెలలకు 59 అవుతుంది, అంటే షాక్ 52, కొటేషన్ లేబర్‌లో సగం 7. ఏడాదికల్లా దాదాపు 79తో పని పూర్తవుతుంది. వాయిదాల్లో అయితే 118 పోయేది, పైగా ఇంకో ఆరు నెలలు కట్టాల్సి ఉండేది. ఒక మినహాయింపు ఉంది: షాక్ రాడ్ మీద ఆయిల్ తడి కనిపిస్తే వరుస తిరగబడుతుంది. అప్పుడు వెనకది మొదట, డబ్బు చేరేదాకా ఇద్దరి ప్రయాణాలు ఆపాలి.

సర్వీసు చేయగల షాక్ అంటే సర్వీసు ఖర్చు కూడా ఉన్నట్టే. సుమారు 20,000 నుంచి 30,000 కి.మీ.కి ఒకసారి ఆయిల్, సీళ్లు, నైట్రోజన్ అవసరమవుతాయి. ఆ సర్వీసు ఎక్కడ చేస్తారో, రానూపోనూ రవాణా ఎంతో కొనకముందే కనుక్కోండి. ఏడాదికి 10,000 కి.మీ. తిరిగితే, షాక్ బిగించాక మిగిలే నాలుగేళ్లలో ఒకటి రెండు సర్వీసులు వస్తాయి. ఆ మొత్తాన్ని 48 నెలలకు పంచి, షాక్ బిగించిన నెల నుంచే అదే డిపాజిట్‌లో వేస్తూ ఉండండి. సెకండ్‌హ్యాండ్ షాక్ చూస్తుంటే దాని ధరకు ఒక సర్వీసు, ఒక స్ప్రింగు కలిపి పోల్చండి. అది ఎవరి బరువుకి అమర్చినదో మీకు తెలియదు.

మార్చిన భాగాలకు బండి అమ్మేటప్పుడు ధర రాదు. మీ బరువుకి ఎంచిన స్ప్రింగు కొనేవాడికి సరిపోకపోవచ్చు. కాబట్టి పాత షాక్, పాత స్ప్రింగులు తుడిచి, పల్చగా నూనె రాసి, బోల్టులతో సహా దాచండి. అమ్మే ముందు పాతవి బిగించి, కొత్తవి విడిగా అమ్మితేనే కొంత వెనక్కి వస్తుంది. వారంటీ, బీమా ఉన్నట్లయితే భాగాలు మార్చే ముందే బీమా సంస్థకి రాతపూర్వకంగా చెప్పి, వాళ్ల జవాబును బిల్లులతో కలిపి ఉంచండి. కొత్త షాక్‌తో వెనక ఎత్తు మారుతుంది కాబట్టి బండి ఇచ్చే ముందు సైడ్ స్టాండు మీద నిలబడే తీరు, హెడ్‌లైట్ కోణం, బోల్టుల టార్క్ సరిచూసి, తుది సాగ్ కొలతలను బిల్లు మీదే రాసివ్వమనండి. ఏడాది తర్వాత మళ్లీ కొలిచినప్పుడు అంకె ఎంత జారిందో పోల్చి చూసుకోవచ్చు.