బడులకు పంచే ముందు స్టాఫ్ రిజిస్టర్ చూడు

అమ్మా,

ఆశీస్సులు. ప్రభుత్వ బడులకు నిధులూ పోస్టులూ పంచే పని నీకు అప్పగించారని తెలిసి చాలా సంతోషించాను. నా ఉద్యోగ జీవితమంతా అందులోనే గడిచింది కాబట్టి నాలుగు మాటలు చెప్పాలనిపించింది.

పిల్లకింత అని పంచే తలసరి లెక్కతో సరిపెట్టుకోకు. ఇంట్లో చదువు చెప్పేవాళ్లున్న పిల్లకూ లేని పిల్లకూ బడి చేయాల్సిన చాకిరీ ఒకటి కాదు. అందుకే నెదర్లాండ్స్‌లో 1985 నుంచే తల్లిదండ్రులు పెద్దగా చదువుకోని పిల్లలను నిధుల లెక్కలో ఒకరికంటే ఎక్కువగా కట్టారు. ఇంగ్లండ్‌లో 2011లో పేద పిల్లల కోసం బడులకు అదనపు నిధి మొదలైంది. మొత్తం సూత్రం మార్చడం నీ చేతుల్లో లేకపోవచ్చు. నీ విచక్షణకు వదిలిన కాస్త నిధినైనా ఇలా పంచు.

ఇంతకంటే ముఖ్యమైనది టీచర్ల సంగతి. ఏవైనా రెండు బడులు తీసుకో, రెండింట్లోనూ పోస్టులు సమానంగానే ఉండొచ్చు. ఒకచోట అంతా పాతుకుపోయిన సీనియర్లు, ఇంకోచోట నిన్నగాక మొన్న చేరి, బదిలీ కోసం ఎదురుచూసేవాళ్లు. సీనియర్ల జీతాలు ఎక్కువ గనుక, ఎవరూ ప్రత్యేకంగా ఇవ్వకుండానే మొదటి బడికి ఎక్కువ డబ్బు వెళ్లిపోతుంది. బడ్జెట్ కాగితంలో ఇది దొరకదు. రిజిస్టర్ తెప్పించుకుని ఎవరు ఎప్పుడు చేరారో, ఏ పోస్టు ఎన్నాళ్లు ఖాళీగా ఉందో రాసుకో. టైంటేబుల్ కూడా పక్కన పెట్టుకో. లెక్కల పోస్టు భర్తీ అయినట్టే ఉంటుంది, పాఠం చెప్పేది మాత్రం వేరే సబ్జెక్టు ఆయన.

జపాన్‌లో ప్రభుత్వ బడి టీచర్లను కొన్నేళ్లకోసారి బడులు మారుస్తారు, మంచివాళ్లంతా ఒకేచోట పోగుపడకుండా. అది మంచి పద్ధతే. అయితే ఒంటరిగా, బలవంతంగా పంపిన మనిషి నిలవడు. మంచి హెడ్మాస్టర్‌తో పాటు ఇద్దరు ముగ్గురిని కలిపి పంపు, ఉండడానికి వసతి చూపించు.

విరాళాలు ఎక్కువగా వచ్చే బడులుంటాయి. దాతలను నొప్పించకు. ఆ మొత్తాన్ని మాత్రం లెక్కలో చూపించి, ప్రభుత్వ సొమ్ము పంచేటప్పుడు గుర్తుపెట్టుకో.

చెప్పకుండా వెళ్లి బడులు చూడు. ల్యాబ్ బీరువా తెరిపించు. సీలు విప్పని పెట్టెలుంటే అక్కడ కావలసింది ఇంకో పెట్టె కాదు, సైన్సు చెప్పే మనిషి. ఆడపిల్లల మరుగుదొడ్డిలో నీళ్లు వస్తున్నాయో లేదో నువ్వే కుళాయి తిప్పి చూడు.

పంపకం పట్టిక అందరికీ కనబడేలా పెట్టు. పలుకుబడి ఉన్నవాళ్లు ఫోన్లు చేస్తారు, ఆ పట్టికే నీకు అండ.

మొదటి జాబితా తయారయ్యాక నాకు పంపు, చూసి చెబుతాను.

మీ పెదనాన్న